ఒలుకు పెట్టె ఎంతుండాలె

మా మిల్లులో మొట్టమొదటి ఒలుకు పెట్టె నా మధ్యాహ్నపు టిఫిన్ గిన్నెకంటే కాస్త పెద్దది. అంతే. అబద్ధమైతే నా నాలుక మీద వాత పెట్టండి. ఎర్ర రంగు రేకు పెట్టె, లోపల ఒక జత పల్చటి చేతి తొడుగులు, నాలుగు దూది గుడ్డలు, బొమ్మల పెండ్లికి పనికొచ్చే చీపురొకటి. దాన్ని మేనేజర్ గారి గదిలో గోడకు బిగించి, గాజు తలుపు పెట్టి, తాళం వేశారు. తాళంచెవి ఆయన జేబులో ఉండేది. ఆయన నిజామాబాద్‌లో కాపురముండి, పది దాటాక జీపులో వచ్చేవాడు. అంటే పొద్దున పది లోపల మా మిల్లులో ఏదీ ఒలకకూడదన్న మాట.

తెలియనివాళ్లకు చెప్తాను. కార్ఖానాలో యాసిడ్ గానీ, నూనె గానీ, కాస్టిక్ సోడా నీళ్లు గానీ నేల మీద ఒలికితే, పారకుండా అడ్డం కట్టడానికి, పీల్చడానికి, ఎత్తి తీసేయడానికి కావలసిన సామానంతా ఒకచోట సర్దిన పెట్టె అది. అమ్మేవాళ్లు స్పిల్ కిట్ అంటారు. మా జనం నోట్లో పడి ఒలుకు పెట్టె అయింది. ఆ పేరే నాకు నచ్చుతుంది. ఒలికినప్పుడు కదా దాని అవసరం!

మాది బోధన్ నుంచి కొంత దూరంలో, చెరకు చేన్ల నడుమ ఉన్న చిన్న ప్రైవేటు చక్కెర మిల్లు. ఇప్పుడది లేదు. తొంభైల్లో నేనక్కడ స్టోర్స్ గుమాస్తాను. ఇంటర్ చదివి, టైపు నేర్చి, మా బాపు ఎవరినో పట్టుకుని బతిమాలితే దొరికిన ఉద్యోగం. ఆఫీసు వైపు ఆడమనిషిని నేనొక్కదాన్నే. స్టోర్స్ కిటికీ వెనక కూర్చుని బోల్టులు, గ్రీజు, బెల్టులు, గోనె సంచులు ఇచ్చేదాన్ని. సంతకం పెట్టకుండా ఎవరైనా చేయి చాపితే ఆ చేతి మీద స్కేలుతో ఒకటిచ్చేదాన్ని. నోరు పెద్దదని పేరు. పేరు తప్పేం కాదు.

మిల్లులో ఒక ఆచారం ఉండేది. రసం మరిగించి చక్కెర తీసే పెద్ద షెడ్డులోకి ఎవరూ చెప్పులతో పోరు. చక్కెర లక్ష్మీదేవి. మేనేజర్ గారంతటివాడు కూడా బూట్లు బయట విడిచి, మేజోళ్లు జేబులో కుక్కుకుని లోపలికి నడిచేవాడు. మేము మెథడిస్టు క్రైస్తవులం, లక్ష్మి పూజలు లేనివాళ్లం, అయినా నేనూ విడిచేదాన్ని. తినే వస్తువు తయారయ్యే చోటికి చెప్పులతో ఎట్లా పోతాం? షెడ్డు గోడ పక్కన చెప్పులన్నీ బారుగా ఉండేవి. లోపల నేల ఎప్పుడూ తడి. వెచ్చటి తడి. చలికాలం పొద్దున ఆ నేల మీద నిలబడితే ప్రాణం లేచొచ్చేది.

ఆ నేల కడిగేవాళ్లు ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లలో పెద్దామెను నేను అక్కా అనేదాన్ని. చందూర్ దగ్గర పల్లె ఆమెది. మిల్లు పని దొరికాక బోధన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరు ఆడపిల్లల్ని బడిలో వేసింది. ఆమె భర్త లారీల మీద పోతే పోయినన్ని రోజులు. మాట పడితే మాట, నవ్వు పడితే నవ్వు. నన్ను చూస్తే చాలు మొదలు పెట్టేది.

"ఏం చెల్లె, బొట్టు లేదు, పసుపు లేదు, నిన్ను ఎవడు చేస్కుంటడు?"

"మా పెండ్లిళ్లల నలుగు పెడ్తరే అక్కా. పసుపు మీ ఒక్కళ్ల సొత్తా?"

"అగో, నోరు సూడు నోరు! ఈ నోటి తోని చర్చిల పాటలెట్ల పాడ్తవే?"

ఆమెకు శుక్రవారం కాళ్లకు పసుపు పెట్టుకోకపోతే తెల్లారదు. ఏర్గట్లలో ఉండే మేనత్త ఏటా కొత్త పంట పసుపు పంపేది. మడమల దాకా నిండుగా రుద్దుకుని, పచ్చటి కాళ్లతో షెడ్డులోకి పోయేది.

ఆ శుక్రవారం కూడా అట్లాగే పోయింది.

రసం మరిగించే పాత్రల గొట్టాల్లో గార కడుతుంది. సీజన్ నడుమ అప్పుడప్పుడు చెరకు ఆడటం ఆపి, కాస్టిక్ సోడా నీళ్లు పోసి కాచి ఆ గార వదిలిస్తారు. చిక్కటి కాస్టిక్ నీళ్లు పెద్ద పీపాల్లో వచ్చేవి. చూస్తే మంచినీళ్లకూ దానికీ తేడా తెలియదు. రంగు లేదు, వాసన లేదు. ఆ పొద్దున స్టాండు మీద వంచుతున్న పీపా పట్టుజారి పక్కకు పడింది. దగ్గరున్న మగవాళ్లు ఎగిరి దూరం దూకారు, ఎవరికీ ఏం కాలేదు. ఫోర్‌మన్ చేసిందల్లా మా మిల్లులో అందరూ ఎప్పుడూ చేసేదే. "పైపు పెట్టి నీళ్లు కొట్టుండ్రి!" అన్నాడు. రసం ఒలికితే నీళ్లు కొట్టేవాళ్లం, నూనె ఒలికితే నీళ్లు కొట్టేవాళ్లం, పేడ పడితే నీళ్లే. కాస్టిక్‌కూ అదే మర్యాద. నీళ్లు కొట్టారు. అది పంపుల కిందుగా పారి, గోడ అడుగు సందులోంచి అవతలికి పోయింది. అవతల అక్క వంగి చీపురుతో నేల నెడుతోంది.

కాసేపటికి నా కిటికీ దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి చూపించింది. ముఖం నిండా నవ్వు.

"సూడు చెల్లె, సూడు! పారాణి పెట్టినట్టు కాలేదా? పెండ్లి పిల్ల లెక్క!"

పసుపు కాళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని మా దగ్గర నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. ఏ సున్నం తొక్కొచ్చిందో అనుకున్నాను, ఒక్క క్షణమే. ఆమె మళ్లీ అంది, "నున్నగైనయే. సబ్బు రాసినట్టు జారుతున్నయి."

కాస్టిక్ పీపా మీద అతికించిన కాగితం స్టోర్స్‌లో దించుకునేటప్పుడు చదివినదాన్ని నేనే. తాకితే సబ్బులా జారుతుంది, మంట ఆలస్యంగా తెలుస్తుంది.

"అవ్వో! అక్కా, అది సున్నం గాదే!" అని కిటికీ పక్క తలుపు తోసుకుని ఉరికాను. చేయి పట్టి లాక్కుపోయి కుళాయి కింద నిలబెట్టాను. "ఏంది చెల్లె, పిచ్చి లేసిందా?" అని ఆమె, "కదిల్తే కాళ్లిర్గగొడ్త!" అని నేను. అరగంట దాకా కుళాయి కట్టలేదు. నడుమలో ఆమె నవ్వు పోయింది. తర్వాత పళ్లు బిగబట్టింది. తర్వాత నా భుజం పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, తిట్టుకుంటూ ఏడ్చాను. ఆ ఎర్ర రేకు పెట్టె గాజు తలుపు వెనక తాళంలో భద్రంగా ఉంది. మేనేజర్ గారి జీపు అప్పటికింకా గేటు దగ్గరికి రాలేదు.

కాళ్లు పోలేదు, దేవుడి దయ. కానీ అరికాళ్ల అంచులు, వేళ్ల సందులు తోలు ఊడి మానడానికి వేసవి దాకా పట్టింది.

సామెతలో చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. మా మిల్లులో కాళ్లు కాలాక ఆకులు కూడా పట్టుకోలేదు. మేనేజర్ గారు ఆలోచించి ఆలోచించి ఒక మాట తేల్చాడు. వచ్చే సీజన్ నుంచి షెడ్డులో ఆడవాళ్లు వద్దు. ఐదుగురూ వద్దు. నాకు చెప్పినప్పుడు ఆయన ముఖంలో మంచి పని చేసినంత నెమ్మది ఉంది.

"వాళ్ల క్షేమం కోసమే కదమ్మా."

"కాలిందెవరికి సార్, వాళ్లకు. పని పోయేదెవరికి? అదీ వాళ్లకేనా?"

"నీకు కోపమెక్కువ" అన్నాడాయన. ఎక్కువే.

ఆ వేసవిలో బోధన్‌లో అక్క గదికి పోయాను. కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్నారు. పెద్దది తొమ్మిదికి వచ్చింది. మిగతా నలుగురు ఆడవాళ్లు ఆమె మీద మండిపడుతున్నారట. నీ మూలాన మా అందరి కడుపు మీద దెబ్బ పడ్డదని ఒకామె ముఖం మీదే అనేసిందట.

"మిల్లు పని పోతె గీ గది ఉంచుకోలేను చెల్లె" అంది అక్క. "పిల్లల్ని తోల్కొని ఊరికి పోవాలె, నాట్లకు. పెద్దదాన్ని సదువు మాన్పియ్యాలె. గా సదువు మాటనే నాకు మింగుడు వడ్తలేదు." పెద్దది ఈ మాటలు వింటూనే తల ఎత్తకుండా అట్ట మడత పెడుతూ ఉంది. అక్క తన కాళ్లు చూసుకుంది. "ఇగ జన్మల పసుపు వెట్ట. చాలు."

నాకు ఆ కాళ్లకంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పుట్టించింది. రోజుకొకసారైనా నన్ను ఆటపట్టించకపోతే అన్నం అరగని మనిషి, నేను వచ్చి అంతసేపైనా నా బొట్టు గురించి ఒక్క మాట అనలేదు.

మర్నాడు మేనేజర్ గారి గదికి పోయి నిలబడ్డాను. షెడ్డు సరిగ్గా ఉంటే ఆడవాళ్లను తీసేయాల్సిన పని లేదు కదా అన్నాను. ఆయన పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు: "సీజన్‌కు ముందు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఎలాగూ మంచి స్పిల్ కిట్ ఒకటి కొనాలి. నువ్వే పోయి చూసిరా. ఆయన ఏర్పాట్లు బాగున్నాయంటే అప్పుడు ఆలోచిద్దాం." ఆలోచిద్దాం అంటే లేదనేనని నాకు తెలుసు. అయినా ఆ మాటను కొంగున ముడేసుకున్నాను.

నిజామాబాద్‌లో బస్టాండుకు దగ్గర్లో ఒక ముసలి భాయ్ దుకాణం ఉండేది. హెల్మెట్లు, చేతి తొడుగులు, బూట్లు, అగ్గి ఆర్పే సిలిండర్లు అమ్మేవాడు. మూడు పెట్టెలు నా ముందు పెట్టాడు, పట్టు చీరలు పరిచినట్టు.

"చిన్నది, నడిమిది, పెద్దది. ఏది గావాలె అమ్మా?"

"ఏది సరిపోతది భాయ్?"

"నడిమిది దీస్కపో. అందరు నడిమిదే తీస్కుంటరు. పరేషాన్ ఉండదు."

"ఎంత నీళ్లు తాగుతది?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. అంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదట. లోపలి కాగితం తీసి, కళ్లద్దాలు సర్దుకుని చదివి, "రెండు బిందెలంత" అన్నాడు. తర్వాత ఆయనే నన్నడిగాడు, "మీదెంత ఒలుకుతది అమ్మా?" పీపా ఎంత పెద్దదో తెలుసు, దించుకున్నదాన్నే కదా. కానీ ఒలికితే ఎంత దూరం పోతుందో, ఏ దారిన పోతుందో నాకెక్కడ తెలుసు? ఏమీ కొనకుండా బస్సెక్కాను. ఆ భాయ్ అడిగిన ప్రశ్న బోధన్ దాకా నా పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

మేనేజర్ గారు మాత్రం నడిమిది సరిపోతుందన్నాడు. "కొండంత దేవుడికి కొండంత పత్రి తెస్తామా అమ్మా?"

"పత్రి తక్కువైతె దేవుడు ఊకుంటడు సార్. కాస్టిక్ ఊకోదు. మన పీపా పన్నెండు బిందెల పైమాటె. రెండు బిందెల పెట్టె ఏమూలకు?"

"మొత్తం పీపా ఎందుకు ఒలుకుతుందమ్మా?"

"మొన్న ఒలికింది గదా సార్."

అయినా ఆయన ఒప్పుకోలేదు. ఫోర్‌మన్‌ను అడిగితే ఒలికింది అంత దూరం పోలేదంటాడు. ఫిట్టర్ పంపు దగ్గరే ఆగిందంటాడు. మరి గోడ అవతలున్న మనిషి కాళ్లెట్లా కాలాయి? "ఆమెనె ఇటు వచ్చిందేమొ" అన్నాడు ఫోర్‌మన్. నాకు తల తిరిగిపోయింది. రంగులేని నీళ్లు ఆరిపోయాయి, ఇక ఎవరి మాట వారిదే.

అక్కకు ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం ఎర్రబడింది. "నేను అటు పోయిన్నా? నా మీదనె వెడ్తున్నడా?" అప్పుడే నాకు ఆమె కాళ్లు గుర్తొచ్చాయి. కాలిన కాళ్లు కాదు, అంతకుముందు నవ్వుతూ చూపించిన ఎర్ర కాళ్లు.

"అక్కా, మీ మేనత్త పంపిన పసుపుందా?"

"పెట్టుకుంటవా ఏంది?" అంది. ఎన్నో రోజులకు ఆ నోట్లోంచి వచ్చిన మొదటి వెక్కిరింపు అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మేనేజర్ గారు హైదరాబాద్ పోయిన రోజు చూసుకుని ఐదుగురు ఆడవాళ్లనూ మిల్లుకు పిలిపించాను. అలిగినవాళ్లు కూడా వచ్చారు, ఏం జరుగుతుందో చూద్దామని. ఎండాకాలం షెడ్డు నేల ఎండి తెల్లగా ఉంది. ఏర్గట్ల పసుపు జల్లెడలో పోసి, వాకిట్లో ముగ్గు చల్లినట్టు నేలంతా పల్చగా చల్లారు. గోడ అవతల కూడా. షెడ్డు మొత్తం పెండ్లి ఇల్లయింది. రసంలో వేసే సున్నం మా స్టోర్స్‌లో ఎంతైనా ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి తేర్చి, ఆ తేటతో ఒక ఖాళీ పీపా నింపించాను. కాస్టిక్ లాగా కాల్చదు, కానీ దానిలాగే పసుపును ఎర్రగా చేస్తుంది. ఫోర్‌మన్ నవ్వుతూనే ఉన్నాడు. అదే స్టాండు మీద, అదే పక్కకు పీపా పడదోయించి, ఆనాటి లాగే పైపు పెట్టి నీళ్లు కొట్టమన్నాను.

పీపా చుట్టూ ఒక్కసారి ఎరుపు విచ్చుకుంది. తర్వాత నాలుకల్లా సాగింది. పంపు దగ్గర ఆగలేదు. పంపు కిందుగా దూరి, నడిచే దారికి అడ్డంగా పారి, గోడ అడుగు సందులో దూరింది. మేమందరం గోడ చుట్టూ ఉరికాం. అవతల అక్క ఆనాడు నిలబడ్డ చోట ఎర్రటి మడుగు. అక్కడా ఆగలేదు. ఇంకా పారి పారి, మేమంతా చెప్పులు విడిచే బారు దాకా వచ్చి, ఎవరిదో ఒక చెప్పును తడిపి ఆగింది.

ఫోర్‌మన్ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. అక్కను నానా మాటలూ అన్నామె వచ్చి అక్క చేయి పట్టుకుంది. "నేను నిలవడ్డ తావునుంచి కదల్లే" అంది అక్క నెమ్మదిగా. "కదల్లేదే" అంది ఆమె. నేను ముక్కు తుడుచుకుంటూ పక్కకు తిరిగాను.

ఆ నేల కడగనివ్వలేదు. మర్నాడు మేనేజర్ గారు వచ్చి, అలవాటుగా బూట్లు విడిచి, మేజోళ్లు జేబులో కుక్కుకుని రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆ ఎర్రటి దారి వెంట పీపా దాకా నడిచాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. తన బూట్లు విడిచిన చోటు చూశాడు. తన ఉత్త కాళ్లు చూసుకున్నాడు. "ఇక్కడిదాకానా?" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. ఆ గొంతు విన్నాక ఆయన మీద నా కోపం సగం పోయింది.

"నువ్వు చెప్పిన సైజే పెట్టుకో" అన్నాడు. "కానీ ఆడవాళ్ల సంగతి ఇన్‌స్పెక్టర్ వచ్చాకే."

అప్పుడు మొదలైంది అసలు పని. ఒక పీపా మొత్తం ఒలికినా ఆపాలి, అది మొదటి లెక్క. గోడ అడుగు సందుకు ఇటుక కట్టు కట్టించాం, అవతలికి పోకుండా. మంజీర ఇసుక తెప్పించి ఎండబెట్టి సంచుల్లో నింపించాను. ఫోర్‌మన్ మనుషులు సంచులు మెడ దాకా నింపారు. అక్క వచ్చి ఒకటి పట్టి లేపబోయి వదిలేసింది. "గిది లేపేటాల్లకు కాస్టిక్ బోధన్ వోతది" అంది. నిజమే. పెట్టె ఎంత పెద్దదైతే ఏం లాభం, దాన్ని ఎత్తే మనిషి ఎత్తలేకపోతే? సంచులన్నీ సగం చేశాం, ఆడమనిషి చంకన పెట్టుకుని నాలుగడుగులు ఉరికేటట్టు. ఐదుగురూ వాటితో అడ్డం కట్టి, ఎత్తి చూసి పని నేర్చుకున్నారు.

ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇంకో రోజు పోయింది. అన్నీ ఒకచోట పెడితే, ఒలికిందాన్ని దాటి పోయి తెచ్చుకోవాల్సి వస్తుంది. అందుకే పీపాకు అటొకటి ఇటొకటి, నేల మీది ఎరుపు తగలని చోట చూసి పెట్టాం. వాల్వు దగ్గర చుక్కలు కారితే చాలేంత చిన్నది మరొకటి. ఎత్తిన ఇసుక వేయడానికి మూతున్న ఖాళీ పీపా, ప్లాస్టిక్ పార. దేనికీ తాళం లేదు. ఆ గాజు తలుపు తాళంచెవి మేనేజర్ గారే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ పెట్టెలో తర్వాత నేను గుండుసూదులు దాచుకున్నాను.

చివరికి బూట్లు. మోకాళ్ల కింది దాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి. పాత కాగితాలు పరిచి ఐదుగురినీ నిలబెట్టి, పెన్సిల్‌తో పాదాల చుట్టూ గీశాను. అక్క కాలు గీస్తుంటే ఆ మచ్చల మీద పెన్సిల్ తగలకుండా మెల్లగా జరిపాను. "సక్కిలిగింత పెడ్తున్నవే" అంది ఆమె, నా తల మీద చేయి వేసి. ఆ కాగితాలు తీసుకుపోయి భాయ్ దుకాణంలో పరిచాను. అందరూ మగవాళ్ల సైజులే కొంటారమ్మా అన్నాడాయన. "నాకు మగోళ్లవి వద్దు భాయ్, గివే గావాలె" అన్నాను. హైదరాబాద్ నుంచి తెప్పించాడు పాపం. ఆ సైజులు కావాలనే తెప్పించాను. మేనేజర్ గారికి చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు.

బూట్లు చూసి పాన్ మేస్త్రి, చక్కెర గింజ కట్టించే ముసలాయన, అడ్డం తిరిగాడు. "లక్ష్మి ఉన్న తావుల బూట్లా? నేను గీడ ఉండ." మాటకు మాట అనబోయాను, ఆయన కళ్లలో నిజమైన బాధ కనిపించి ఊరుకున్నాను. దసరాకు మిల్లులో ఆయుధపూజ చేస్తారు, పానాలు, సుత్తెలు, మిషన్లు అన్నిటికీ. అక్కే ఉపాయం చెప్పింది. ఆ బూట్లు గేటు దాటి మట్టి తొక్కవు, షెడ్డులోనే ఉంటాయి, వాటినీ పూజలో పెడదామంది. మేస్త్రి ఆలోచించి, "బయటి మన్ను తగలకపోతె సరె" అన్నాడు. బూట్లకూ ఇసుక సంచులకూ పారకూ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. ఆ వరసలో బూట్లు మోసి పెట్టింది ఎవరనుకున్నారు, మెథడిస్టు పిల్లనైన నేనే. ఆదివారం చర్చిలో మా అవ్వ నన్నదోలా చూసింది. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఆ ఐదుగురూ గేటు బయట నిలబడి ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు, వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఆయన తక్కువ మాటల మనిషి. సంచులు లేపి చూశాడు, గోడ కింద ఇటుక కట్టు చూశాడు, తల ఊపాడు. తర్వాత, "ఇప్పుడు ఒలికింది అనుకోండి. వాడి చూపించండి" అన్నాడు.

మేనేజర్ గారు ఫోర్‌మన్‌ను, ఫిట్టర్‌ను పిలిచాడు. ఫోర్‌మన్ బూటులో కాలు పెట్టాడు. మడమ దగ్గరే ఆగింది. గుంజాడు. ఒంటికాలి మీద గెంతాడు. ఫిట్టర్‌ది వేళ్ల దాకా కూడా పోలేదు. పాన్ మేస్త్రి దగ్గుతున్నట్టు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ బూట్లు ఎవరివి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేనేజర్ గారు నా వైపు తిరిగాడు.

"నేల కడిగేవాళ్లవి సార్. ఒలికితే ముందు తొక్కేది వాళ్లే."

"వాళ్లేరీ?"

"గేటు బయట ఉన్నరు సార్. ఈ సీజన్ నుంచి వాళ్లు వద్దన్నరు."

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ గారిని చూశాడు. "ఈ బూట్లు పట్టేవాళ్లను బయట పెట్టి, పట్టనివాళ్లను లోపల పెట్టారా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మేనేజర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. తానే గేటు వైపు పోయాడు. వాళ్లను తానే వెంటబెట్టుకుని వచ్చాడు, అది మాత్రం చెప్పాలి.

అక్క ముందు నడిచింది. బూట్ల ముందు ఒక్క క్షణం ఆగింది. కాలు పెట్టింది, అచ్చంగా పట్టింది. తర్వాత చూడాలి ఆ ఐదుగురిని! సంచి చంకనేసుకుని ఇద్దరు ఇటునుంచి, ఇద్దరు అటునుంచి, దిగువన ముందు అడ్డం కట్టి, నడుమకు ఇసుక నెట్టుకొచ్చి, అక్క పారతో ఎత్తి పీపాలో పోసింది. ఇంట్లో చిన్నపిల్లవాడు పాలు ఒలకబోస్తే సర్దినంత ఒడుపుగా సర్దారు. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కాలినంక నేర్సినం సారూ" అంది అక్క.

సీజన్ మొదలైంది. ఐదుగురూ లోపలే ఉన్నారు. పెద్దపిల్ల బడి మానలేదు. చలి ముదిరాక ఒక శుక్రవారం పొద్దున, గార తీసే రోజు, షెడ్డులోంచి "ఒలికింది!" అని కేక వినిపించింది. స్టోర్స్ వదిలి ఉరికాను. వాల్వు ఊడి కాస్టిక్ ధార కట్టి పోతోంది. ఎవరూ పైపు పట్టుకోలేదు. నేను గుమ్మం దగ్గరికి చేరేసరికే ఇసుక అడ్డం కట్టి ఉంది. గోడ అడుగు ఇటుక కట్టు దాకా కూడా రాలేదు, చెప్పుల బారు పొడిగా ఉంది.

పని అయ్యాక అక్క బూట్లు కడుక్కుని వచ్చి నా కిటికీ కింద అరుగు మీద కూర్చుంది. "చెల్లె, ఇటు రా" అంది. నాకు ఆనాటి పొద్దున గుర్తొచ్చింది. బయటికి పోయాను. ఆమె ఒక బూటు గుంజి తీసింది, తర్వాత రెండోది. రెండు కాళ్లూ ఎండలోకి చాపింది. మడమల దాకా పసుపు. మచ్చల మీద కూడా పసుపు. ఎప్పుడు మళ్లీ పెట్టుకుందో నాకు తెలియదు, నాకు చెప్పలేదు.

"సూడు" అంది. "పచ్చగనే ఉన్నయి."